ఇద్దరు పట్టే పరుపు

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నవాళ్ళెవరో నాకు తెలియదు కానీ, వాళ్ళు మా ఆయన పక్కన పడుకుని మాత్రం ఉండరు. నేను ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజర్‌ని. అక్కడ ఆరు పెద్ద వాషింగ్ మెషిన్లు ఒకేసారి తిరుగుతుంటే, వాటి మధ్య కుర్చీ వేసుకుని కునుకు తీయగలను. మెషిన్ది ఒకటే పాట. మా ఆయన గురక అలా కాదు. మెల్లగా ఎత్తుకుంటుంది, పైకి పోతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగినప్పుడే అసలు బాధ. మళ్ళీ మొదలవుతుందా లేదా అని కళ్ళు తెరుచుకుని కాచుకుని ఉండాలి. మొదలైతే నిద్ర పట్టదు. మొదలవకపోతే భయం.

ఆరేళ్ళ కిందట నాకు తెల్లవారుజాము షిఫ్ట్ పడింది. మా అమ్మాయి అప్పటికే ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళిపోయింది, దాని గది ఖాళీగా ఉంది. "ఒక్క వారం అమ్మాయి గదిలో పడుకుంటానండీ" అని దిండు చంకన పెట్టుకుని వెళ్ళాను. మూడు నెలలకు షిఫ్ట్ మారింది. రమ్మని ఆయన అనలేదు. వస్తానని నేను అనలేదు. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకు లేదు, అది మొగుడి మంచమే అయినా సరే. మా మధ్య గొడవేమీ లేదు. గొడవైనా ఉంటే బాగుండేది, ఏదో ఒకరోజు తీరేది. లేని గొడవ ఎలా తీరుతుంది? గోడకు అటు ఆయన, ఇటు నేను. ఆరేళ్ళు గడిచిపోయాయి.

అందుకే సైకిల్ యాత్ర అనే మాట నేను ఎత్తాను. మా ఇస్త్రీ సెక్షన్‌లో పనిచేసే ఆవిడ, వాళ్ళాయన కలిసి నది పక్కన దారి పట్టుకుని పది రోజులు సైకిళ్ళు తొక్కి సముద్రం దాకా వెళ్ళొచ్చారు. రాత్రిళ్ళు గుడారం వేసుకుని పడుకున్నారట. ఆవిడ చూపించిన ఫోటోల్లో సముద్రం ఉంది, వంతెనలు ఉన్నాయి, సూర్యోదయాలు లెక్కలేనన్ని ఉన్నాయి. నాకు నచ్చింది ఒకటే. చిన్న గుడారంలోంచి రెండు తలలు బయటికి వచ్చి ఉన్నాయి, రెండిటికీ జుట్టు చెదిరి ఉంది. ఆ ఫోటో చూసిన మర్నాడే నేను పది రోజులు సెలవు పెట్టేశాను. ఆవిడ గుడారం అరువిస్తానంది.

నా ఉద్దేశం సముద్రం చూడటం కాదు. పది రాత్రులు ఈ మనిషి పక్కన పడుకోవాలి. తిరిగొచ్చాక నా దిండు ఏ గదిలో పెట్టాలో అప్పుడు దానికదే తేలుతుంది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

సైకిల్ తొక్కడం మాకు కొత్త కాదు. నేను రోజూ ఆసుపత్రికి సైకిల్ మీదే వెళ్తాను. ఆయన వెనక సీటుకు పనిముట్ల పెట్టె కట్టుకుని ఊరంతా తిరుగుతాడు. ఆయనది కాటాలు బాగుచేసే పని. కిరాణా షాపు కాటా నుంచి లారీలు తూచే కాటా దాకా ఏది తప్పు చూపించినా మా ఆయన్నే పిలుస్తారు. తూచనిదే దేన్నీ నమ్మడు. మా అమ్మాయి పుట్టినప్పుడు నర్సు చేతిలో బిడ్డను చూసి "రెండు కిలోల తొమ్మిది వందలు" అన్నాడు. అక్కడి కాటా తొమ్మిది వందల ఇరవై చూపించింది. "మీ కాటా ఇరవై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు. నిజంగానే చూపిస్తోంది. బిడ్డను నా పక్కన పడుకోబెట్టి వెళ్ళి కాటా బాగుచేసి వచ్చాడు.

యాత్ర గురించి చెప్పగానే "వెళ్దాం" అన్నాడు. నాకు గుండె తేలికపడింది. వెంటనే "దేని మీద పడుకుంటాం?" అన్నాడు. అక్కడ మొదలైంది.

గుడారాలు, సైకిల్ సంచులు అమ్మే షాపుకు నన్ను తీసుకెళ్ళాడు. షాపాయన అరవై దాటిన మనిషి, ఒకప్పుడు కొండలెక్కేవాడట, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మెట్లు కూడా ఎక్కడం లేదు. పాపం ఉత్సాహంగా మూడు రకాల పరుపులు నేల మీద పరిచాడు. ఒకటి మడతపెట్టే నురుగు పరుపు. పంక్చరు అన్న మాటే ఉండదు, కానీ బొటనవేలంత మందం, చాప కన్నా నయం అంతే. రెండోది మూత తిప్పితే తనంతట తనే గాలి పీల్చుకునేది. మెత్తగానే ఉంటుంది కానీ బరువు. మూడోది మనం గాలి నింపాల్సింది. జానెడు మందాన లేస్తుంది, చుడితే నీళ్ళ సీసా అంత అవుతుంది, కాకపోతే కదిలినప్పుడల్లా కరకరమంటుంది, ముల్లు గుచ్చుకుంటే ఇక ఆ రాత్రికి నేలే గతి.

"బరువెంత?" అన్నాడు మా ఆయన.

"దాని మీదే రాసుందండి. నాలుగు వందల ఎనభై గ్రాములు."

మా ఆయన సంచిలోంచి తన కాటా తీసి కౌంటరు మీద పెట్టాడు. పరుపు అయిదు వందల పదమూడు తూగింది. షాపాయన తన కొండల జీవితంలో ఇంత అవమానం ఎప్పుడూ పడి ఉండడు.

"సంచీతో కలిపి చూశారేమో సార్."

"సంచీ తీసేశాను. సంచీ ఇంకో ఇరవై రెండు."

నేల చలి పైకి రాకుండా ఏ పరుపు ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఒకటి ఉంటుందని షాపాయన చెప్పాడు. నది పక్కన రాత్రి చలి ఉంటుంది కాబట్టి ఆ అంకె మూడో నాలుగో ఉంటే మంచిదన్నాడు. "ఆ అంకె ఎవరు వేశారు?" అన్నాడు మా ఆయన. కంపెనీవాళ్ళన్నాడు షాపాయన. "అయితే దాన్ని పక్కన పెడదాం" అని, మా ఆయన నేల మీద ఒక్కో పరుపు మీద ఇరవై నిమిషాల చొప్పున పడుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని దాటుకుంటూ నడిచారు. నేను నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి సైకిల్ గంటలు చూస్తూ ఉన్నాను. ఆయన్ని నేను ఎరగను అన్నట్టు ముఖం పెట్టాను కానీ షాపులో అందరికీ తెలిసిపోయింది.

"మేడం ఎలా పడుకుంటారు? వెల్లకిలానా, పక్కకు తిరిగా?" అని అడిగాడు షాపాయన. "పక్కకు తిరిగేవాళ్ళకు మందం ఎక్కువ కావాలండి, లేకపోతే తుంటి ఎముక నేలకు తగులుతుంది."

"ఆమె ఎడమ పక్కకు" అని కింద నుంచే చెప్పాడు మా ఆయన. "తెల్లవారబోతుండగా కుడికి మారుతుంది."

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా చూడని మనిషికి ఏం తెలుసని? "ఇప్పుడు మారిపోయింది. వెల్లకిలా పడుకుంటున్నాను" అన్నాను. అబద్ధం. ఆయన నోటుబుక్కులో రాసుకున్నది కొట్టేసి ఇంకేదో రాశాడు. అది చూసి నాకు తృప్తిగా అనిపించాలి. అనిపించలేదు.

అప్పుడు షాపాయన పైఅర నుంచి ఇంకొకటి దింపాడు. "దంపతులకు ఇదొకటుందండి. ఇద్దరు పట్టేది. రెండు విడివిడిగా మోసేకన్నా బరువు తక్కువ కూడా."

గాలి నింపాక అది గదంతా పరుచుకుంది. నేను వంగి అరచేత్తో నొక్కి చూశాను. బాగుంది. నేను మాట్లాడలేదు. చెయ్యి మాత్రం తీయలేదు. ఇంతకన్నా ఎవరైనా ఎలా చెప్తారు?

మా ఆయన అటు పక్కన మోకాలు ఆనించాడు. ఇటు పక్కన నా చెయ్యి పైకి లేచింది.

"ఒకరు తిరిగితే ఇంకొకరు లేస్తున్నారు" అన్నాడు.

"కొంచెం లేస్తారు సార్."

"కొంచెం అంటే ఎంత?"

మా ఆయన నా చేతి వంక చూశాడు, పరుపు వంక చూశాడు. "రెండు సింగిల్స్ ఇవ్వండి" అన్నాడు.

ఇంటికొచ్చేదాకా ఆయనకు నా వీపు తప్ప ఏమీ కనపడనివ్వలేదు. అంత వేగంగా నేను పెళ్ళికి ముందు కూడా తొక్కలేదు. దారిలో ఏడుపు వచ్చింది. ఎదురుగాలి అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ రాత్రికి ఫ్రిజ్‌లో ఐసు ముక్కలన్నీ ట్రేలలో పేర్చి, వాటి మీద ఒక సింగిల్ పరుపు వేసి పడుకుని, చలి పైకి వస్తుందో లేదో చూశాడు. రెండు రోజులు ఇంట్లో చల్లటి నీళ్ళు లేవు. తర్వాత బరువు తగ్గించే పని మొదలుపెట్టాడు. పళ్ళు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోశాడు. నా దువ్వెన సగం చేశాడు. "సగం దువ్వెనతో సగం తలే దువ్వుకోవాలా?" అంటే, "పదకొండు గ్రాములు" అన్నాడు. ఆదివారం హాల్లో గుడారం నిలబెట్టి, లోపల అటు చివర ఒక పరుపు, ఇటు చివర ఒక పరుపు వేసి, మధ్యలో టేపు పెట్టి కొలిచాడు.

"జానెడు మిగిలింది. మధ్యలో సామాను పెట్టుకోవచ్చు" అన్నాడు.

ఆరేళ్ళు గోడ సరిపోలేదు, ఇప్పుడు సామాను కూడా అడ్డం కావాలట. వంటింట్లోకి వెళ్ళి అమ్మాయికి ఫోన్ చేశాను.

"రెండు పరుపుల్నీ కలిపి కట్టే బెల్టులు దొరుకుతాయమ్మా" అంది అది.

"మీ నాన్నను కట్టే బెల్టు దొరుకుతుందేమో చూడు."

"నీకేం కావాలో నాన్నను అడగొచ్చు కదా?"

"నేనెందుకు అడగాలి?"

"సరిపోయింది. ఇద్దరికిద్దరు" అంది మా అమ్మాయి. పెట్టేసింది. పెంచి పెద్ద చేసినందుకు ఇదీ ఫలితం.

ఆ వారమంతా నేను ముభావంగా ఉన్నాను. ఆయన గమనించాడో లేదో తెలియలేదు. మధ్యలో నా నీలం నైటీ కనపడకుండా పోయింది. గాలికి తీగ మీద నుంచి ఎగిరి పక్కింటి డాబా మీద పడిందేమో అని పక్కింటావిడను అడిగాను. ఆవిడ లేదంది. ఆవిడ ముఖం చూస్తే నాకు అనుమానమే మిగిలింది.

గురువారం మా లాండ్రీలో బాయిలర్ చెడిపోయింది. వేడినీళ్ళు లేకపోతే మాకు పని లేదు, మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. దారిలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. సెలవు రద్దు చేసుకుంటాను. పది రోజులు సైకిల్ తొక్కి తొక్కి, సామానుకు ఇవతల పడుకుని రావడానికి సముద్రం దాకా వెళ్ళడం దేనికి? ఆ ముచ్చట ఇంట్లోనే తీరుతోంది. సాయంత్రం ఆయన రాగానే చెప్పేద్దామనుకున్నాను.

తీరా చూస్తే ఆయన సైకిల్ ఇంటి ముందే ఉంది. ఆయన గది తలుపు ఓరగా తెరిచి ఉంది. సాయంత్రం దాకా ఎందుకని నేరుగా తోసుకుని వెళ్ళాను.

మంచం గోడ వారకు జరిపి ఉంది. నేల మీద ఆ ఇద్దరు పట్టే పరుపు ఉంది. దాని మీద కుడి సగంలో నా నీలం నైటీ పడుకుని ఉంది. ఖాళీగా కాదు. నిండుగా. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని. ఎడమ సగంలో మా ఆయన. ఛాతీ మీద నోటుబుక్కు, చెవి వెనక పెన్సిలు. నైటీ నడుము పక్కన ఒక స్కేలు నిలబెట్టి ఉంది. నేను చూస్తుండగానే ఆయన ఒక పక్కకు దొర్లాడు. తల ఎత్తి స్కేలు చూశాడు. నోటుబుక్కులో రాసుకున్నాడు. మళ్ళీ దొర్లబోతూ నన్ను చూశాడు.

"తొందరగా వచ్చావే?" అన్నాడు.

"అదెవరు?" అన్నాను.

"నువ్వే."

నేను వంగి నైటీ ముట్టుకున్నాను. చల్లగా, గట్టిగా తగిలింది. ఆయన పనిలో వాడే తూకపు రాళ్ళు. పేరుకే రాళ్ళు, ఉండేది ఇనుము. ఒక్కోదాన్ని దిండు గలీబులో చుట్టి నైటీలో పేర్చాడు. ఉతికి, ఇస్త్రీ చేసి నేను బీరువాలో పెట్టుకున్న తెల్ల గలీబులు. అన్నిటికీ నల్లటి నూనె మరకలు.

"అరవై నాలుగు కిలోలు" అన్నాడు. "నడుము దగ్గర ఇరవై. తొడలకు పదీ పదీ. భుజాలకు పన్నెండు. పిక్కలకు ఏడు. తలకు అయిదు."

"నా తల అయిదు కిలోలేనా?"

"అందరి తలలూ అంతే ఉంటాయి."

"నేను అరవై ఆరు" అన్నాను. "పోయిన నెల ఆసుపత్రిలో చూసుకున్నాను."

ఇనుపదానితో పట్టుబడినందుకు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు కానీ, ఈ మాటకు మాత్రం లేచి కూర్చున్నాడు. "ఎప్పుడు పెరిగావు?"

"గోడకు అవతల."

ఆయన నోటుబుక్కు తీసి దిద్దుకున్నాడు. నాకు కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, మంచం అంచున కూర్చున్నాను. ఎప్పటి నుంచి ఈ భాగోతం అని అడిగాను. సోమవారం నుంచట. నచ్చకపోతే వారంలో వెనక్కి ఇచ్చేయవచ్చని షాపాయనతో మాట్లాడుకుని తెచ్చాడట. రోజూ మధ్యాహ్నం పని ఆపుకుని వచ్చి, గంటసేపు నా పక్కన దొర్లి వెళ్తున్నాడట. నేను ఇంటికొచ్చేసరికి నన్ను విప్పేసి మంచం కింద పెడుతున్నాడట.

"గాలి నిండా నింపితే నువ్వు నాలుగు వేళ్ళు లేస్తున్నావు. కొంచెం తగ్గిస్తే రెండు వేళ్ళు. ఇంకా తగ్గిస్తే అసలు లేవడం లేదు, కానీ నీ నడుము నేలకు తగులుతోంది. ఒక వేలు దాటితే నీకు మెలకువ వస్తుంది."

"మీకెలా తెలుసు?"

"పాతికేళ్ళు పక్కన పడుకున్నాను కదా."

"వెల్లకిలా పడుకుంటున్నానని చెప్పాను కదా షాపులో. మరి దీన్ని పక్కకు తిప్పారేం?"

"ఆదివారం నువ్వు సోఫాలో కునుకు తీశావు. చూశాను. ఎడమ పక్కకే తిరిగావు."

నాకు ఆ ఇనుము మీద అసూయ కలిగింది. చెప్పుకుంటే నవ్వుతారు కానీ నిజం. ఆరేళ్ళలో నేను రాలేని చోటికి అది నాలుగు రోజుల్లో వచ్చేసింది, అదీ నా బట్టలు కట్టుకుని.

"నేను పక్కగదిలోనే ఉన్నాను కదండీ" అన్నాను. "ఇంత ఇనుము మోసే బదులు నన్ను పిలిస్తే రానా? వచ్చి పడుకోనా? కొలుచుకోండి అననా?"

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"బరువు సంగతి తేల్చగలను" అన్నాడు. "గురక సంగతి తేలడం లేదు. దిండు ఎత్తు పెట్టి చూశాను. పక్కకు తిరిగి పడుకుని చూశాను. నిద్రలో వెల్లకిలా తిరగకుండా చొక్కా వెనక బంతి కుట్టించుకుని కూడా చూశాను, అది కుట్టిన టైలరు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతాడు. ఏం చేసినా తగ్గదు. ఇక్కడైతే నిద్ర పట్టకపోతే నీకు ఇంకో గది ఉంది, దిండు తీసుకుని వెళ్ళగలిగావు. అక్కడ నది ఒడ్డున అర్ధరాత్రి నీకు మెలకువ వస్తే, లేచి వెళ్ళడానికి ఇంకో గది ఉండదు."

"అందుకే కదండీ వెళ్దామన్నాను" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కాటా ముల్లు ఊగి ఊగి నిలబడేదాకా చూసే చూపది.

"ఆగినప్పుడు నీకు భయం కదా" అన్నాడు చివరికి.

"ఇప్పుడు మాత్రం? గోడలోంచి అంతా వినిపిస్తుంది. ఆగినప్పుడు లేచి గోడకు చెవి ఆనిస్తాను. ఆరేళ్ళుగా ఆనిస్తున్నాను. ఇక నావల్ల కాదు."

ఆయనకు ఈ సంగతి తెలియదు. ముఖం చూస్తే తెలిసింది. నోటుబుక్కు మూసేశాడు.

"అయితే ఇదే ఉంచుకుందాం" అని, నైటీ గుండీలు విప్పి రాళ్ళు ఒక్కొక్కటే తీసి గోడ వారన పెట్టడం మొదలుపెట్టాడు. నేను సాయం పట్టబోతే "వద్దు, నడుం పట్టేస్తుంది" అన్నాడు. ఇరవై కిలోలది తీసేసరికి పరుపు కుడి పక్క ఒక్కసారిగా పైకి లేచి, ఎడమ వైపు మోకాళ్ళ మీద ఉన్న ఆయన బోర్లా పడ్డాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు కానీ ఎంత లేచిందో కొలవనూ లేదు.

డ్యూటీ బట్టల్లోనే వెళ్ళి పడుకున్నాను. ఎడమ పక్కకు తిరిగితే ఆయన ముఖం ఎదురుగా ఉంది. ఆ ముఖాన కొత్తగా రెండు మడతలు వచ్చాయి, అవి ఎప్పుడు వచ్చాయో నాకూ తెలియదు. ఆయన పరుపు అంచుకు జరిగి, చేతులు కట్టుకుని, కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు.

"నిద్రపోండి" అన్నాను.

"నువ్వు ముందు పో."

"నాకు తొందరేం లేదు. బాయిలర్ రేపటికి గానీ బాగవదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పది నిమిషాలకు మొదలైంది. మెల్లగా ఎత్తుకుంది, పైకి పోయింది, ఉన్నట్టుండి ఆగింది. నేను చెయ్యి చాపి డొక్కలో ఒక్కటి పొడిచాను. మళ్ళీ మొదలైంది. ఆ చెయ్యి అక్కడే ఉంచి నేనూ కళ్ళు మూసుకున్నాను.